ఆరువందల జీబీ మనకెందుకు?

పోయిన ఏడాది "బొబ్బిలి యుద్ధం" నాటకం వేసేముందు నేను మా తెలుగు మాస్టారి దగ్గరికి వెళ్లి, "సార్, నాటకానికి మంచి లైబ్రరీ కావాలి" అన్నాను. ఆయన సంతోషంగా బీరువా తీసి బొబ్బిలి చరిత్ర మీద రెండు పుస్తకాలు చేతిలో పెట్టారు. నేనడిగింది శాంపిల్ లైబ్రరీ. నిజమైన వాద్యకారులు ఒక్కో స్వరాన్ని మెల్లగా, గట్టిగా, పొడుగ్గా, పొట్టిగా వాయిస్తే రికార్డు చేసి దాచిన మూట అది. కంప్యూటర్‌కి తగిలించిన కీబోర్డు మీద కీ నొక్కితే ఆ మూటలోంచి వయొలినో, ట్రంపెటో పలుకుతుంది. సినిమాల్లో వినే పెద్ద ఆర్కెస్ట్రా శబ్దం ఇప్పుడు చాలాసార్లు ఇలాగే తయారవుతోంది. (పుస్తకాలు రెండూ చదివాను సార్, అబద్ధం కాదు.)

ఇప్పుడీ గోల ఎందుకంటే, మన బడి పూర్వ విద్యార్థులు సంగీతం కోసం కొంత డబ్బు ఇస్తామన్నారు. ప్లస్ టూ అన్నలు కొందరు ఆ డబ్బుతో ఒక పెద్ద ఆర్కెస్ట్రా లైబ్రరీ, దాన్ని మోయగల కంప్యూటరు కొనాలంటున్నారు. నేను వద్దన్నాను. "పదో తరగతి వాళ్లకేం తెలుసు?" అన్నారు. తెలిసింది రాస్తున్నాను, చదివి తిట్టండి.

ముందు సైజు సంగతి. స్పిట్‌ఫైర్ ఆడియో అనే కంపెనీ లండన్‌లోని మైదా వేల్ స్టూడియోలో బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాని రికార్డు చేసి లైబ్రరీగా అమ్ముతోంది. అందులో ప్రొఫెషనల్ అనేది దాదాపు 600 జీబీ. అదే ఆర్కెస్ట్రాతో చేసిన డిస్కవర్ అనే చిన్న రకం 200 ఎంబీ చిల్లర. వాయించింది ఆ మనుషులే, గది ఆ గదే. పెద్దదాంట్లో దగ్గర మైకు, దూరం మైకు అంటూ చాలా మైకులు విడివిడిగా ఉంటాయి, వాయించే పద్ధతులూ ఎక్కువ. పెద్దది బాగుండదని నేననను, బాగుంటుంది. కానీ మన నాటకం వినిపించేది మైదానంలో, రెండు హారన్ స్పీకర్లలో. అక్కడ ఏ మైకు ఎంత దూరంలో పెట్టారో ఎవరి చెవికి తెలుస్తుంది?

పోయిన ఏడాది ఏం జరిగిందో ల్యాబ్‌లో ఉన్నవాళ్లకి గుర్తే. ఒక అన్న పెన్‌డ్రైవ్‌లో క్రాక్ చేసిన లైబ్రరీ తెచ్చాడు. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఎక్కించాం. స్ట్రింగ్స్ లోడ్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు. ట్రంపెట్ కూడా పెట్టామో లేదో అంతా బిగుసుకుపోయింది. మర్నాడు ఆ క్రాక్‌తో వచ్చిన వైరస్ ఎనిమిదో తరగతి వాళ్ల ప్రాజెక్టులన్నీ మింగేసింది. పాపం వాళ్లు మళ్లీ మొదటినుంచి చేశారు, మేం సారీ చెప్పి ఊరుకున్నాం. "అందరూ క్రాకే వాడతారు, మనం కొనగలమా?" అనేవాళ్లని ఒకటే అడుగుతా. ఉచితంగా, న్యాయంగా దొరికేవి ఉండగా దొంగతనం ఎందుకు? వర్సీలియన్ స్టూడియోస్ వాళ్ల కమ్యూనిటీ ఎడిషన్ ఉంది, ఎవరైనా ఎలాగైనా వాడుకోండని వదిలేశారు. మ్యూజ్‌స్కోర్ 4 తో ఉచితంగా వచ్చే వాద్యాలున్నాయి. ఏది తీసుకున్నా దాని లైసెన్సు ఒకసారి చదవండి.

చివరికి ఉచితందే వాడాం. అప్పుడు బయటపడింది అసలు జబ్బు. మాకు వాయించడం రాదు!

మొదటి రోజు వయొలిన్ కింది స్వరాలు పలకలేదు. లైబ్రరీ పాడైందనుకుని తీసేసి మళ్లీ ఎక్కించాం. అయినా అంతే. తర్వాత తెలిసింది, వయొలిన్ అన్నిటికన్నా మందంగా ఉండే తీగ కన్నా కిందికి పలకదు కాబట్టి అక్కడ రికార్డింగే లేదు. ఆ కిందివి వయోలా, చెల్లో చూసుకోవాలి. రెండో తప్పు ఇంకా పెద్దది. హార్మోనియం మీద లాగా ఒకే వయొలిన్ ప్యాచ్‌లో నాలుగు స్వరాలు కలిపి నొక్కాం. పదహారు మంది కలిసి వాయించిన ప్యాచ్‌లో నాలుగు స్వరాలు నొక్కితే అరవైనాలుగు మంది అవుతారు. ముద్ద అయిపోదూ? నాలుగు స్వరాల్ని బేస్, చెల్లో, వయోలా, వయొలిన్‌లకి పంచాలి. మూడోది, ఫ్లూట్‌కి ఊపిరి ఇవ్వకుండా అరనిమిషం స్వరం పట్టించాం. బతికున్న మనిషెవరూ అలా ఊదరు.

అన్నిటికన్నా ముఖ్యమైంది మాడ్ వీల్. పొడుగు స్వరాలకి కీ ఎంత గట్టిగా నొక్కామన్నది చాలా లైబ్రరీల్లో పనికిరాదు. స్వరం మొదలయ్యాక మాడ్ వీల్‌ని మెల్లగా పైకి తోసి మళ్లీ దించాలి. అప్పుడు శబ్దం పెరగడమే కాదు, గుణం కూడా మారుతుంది, ఎందుకంటే మెల్లగా వాయించిన రికార్డింగ్ నుంచి గట్టిగా వాయించిన దానికి జరుగుతుంది. వీల్ లేకపోతే మౌస్‌తో గీత గీయొచ్చు. ఈ ఒక్కటి నేర్చుకోవడానికి మాకు రెండు వారాలు పట్టింది. 600 జీబీ ఉన్నా ఆ గీత మనమే గీయాలి.

మా వీధి చివర ఒక తాతగారున్నారు. తెలుగు సినిమాల రికార్డింగులు ఇక్కడ మద్రాసులోనే జరిగిన రోజుల్లో ఆయన వయొలిన్ వాయించేవారు. కోటలో ఆడవాళ్లు చావుకి సిద్ధమయ్యే ఘట్టానికి మేం చేసింది వినిపించాను. కళ్లు మూసుకుని విని, "బాగానే ఉంది గానీ, ఏడుస్తున్నట్టు లేదు బాబూ, ఏడుపు గురించి చెబుతున్నట్టుంది" అన్నారు. తర్వాత ముఖారి రెండు నిమిషాలు వాయించారు. స్వరం ఎక్కడా ఉన్నచోట నిలవదు, ఊగుతూ జారుతూ పోతుంది. లైబ్రరీలో ఉన్నది నిలబెట్టి వాయించిన స్వరాలు, ఒక స్వరం నుంచి ఇంకోదానికి సాఫీగా దాటే లెగాటో. గమకం అందులో లేదు. పిచ్ బెండ్‌తో వంచి చూశాం. వయొలిన్‌తో పాటు లండన్ గది ప్రతిధ్వని కూడా వంగింది, టేపు నలిగినట్టు. మోహనంలో చేసిన సైన్యం బయలుదేరే పాట కొంతవరకు నిలబడింది, ముఖారి అసలు నిలబడలేదు.

అందుకని తొమ్మిదో తరగతిలో వయొలిన్ నేర్చుకుంటున్న చెల్లిని బతిమాలాం. ఆమె వాయించిన ఒక్క వరసని ఫోన్‌లో రికార్డు చేసి లైబ్రరీ వయొలిన్ల మీద పెట్టాం. వెనక పదహారు మంది కంప్యూటర్‌లోంచి, ముందు ఒక్కరు నిజంగా. చిత్రం ఏమిటంటే వెనకవాళ్లు కూడా నిజమైనవాళ్లలా వినిపించారు. ఆ రాత్రి మైదానంలో ముందు వరసలో ఉన్న అమ్మమ్మలు కళ్లు తుడుచుకున్నారు. నేను స్టేజి పక్కనుంచి చూశాను.

"నువ్వు కంప్యూటర్ సంగీతానికే ఎదురు మాట్లాడుతున్నావు" అని ఒక అన్న అన్నాడు. కాదన్నా. 1963లో వచ్చిన మెలోట్రాన్‌లో ఒక్కో కీ కింద ఒక్కో టేపు ముక్క ఉండేది, ఎనిమిది సెకన్లకి అయిపోయేది. దాన్నుంచి ఇప్పటిదాకా ఈ యంత్రాలన్నిట్లోనూ ఎవరో ఒక మనిషి వాయించిందే ఉంది. నిజమైన మనిషి వాయిస్తే ఎలా ఉంటుందో వినకుండా అతని రికార్డింగ్‌ని మనం ఎలా నడుపుతాం?

కాబట్టి కమిటీలో పెద్దలకి నా మనవి. ఆ డబ్బుతో ఒక మంచి మైకు కొనండి. ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌కి ర్యామ్ పెంచండి. మిగిలింది వారానికి రెండు గంటలు వయొలిన్ నేర్పే వారికి జీతంగా ఇవ్వండి. తాతగారు వస్తానన్నారు, రానుపోను ఆటో డబ్బులు ఇస్తే చాలట. అదీ ఆయన మొహమాటానికి అన్న మాటే, సరిగ్గా ఇవ్వాలి.

నా మాట నమ్మకం లేనివాళ్లు ల్యాబ్‌లో మూడో కంప్యూటర్ తెరవండి. "కోట" అనే ఫోల్డర్‌లో రెండు ఫైళ్లున్నాయి, చెల్లి వయొలిన్ లేనిది ఒకటి, ఉన్నది ఒకటి. పేర్లు కావాలనే ఒకటి, రెండు అని పెట్టాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి, స్పీకర్ ఎడమది పోయింది.