పత్తికట్టె ఎవరి ఇంధనం?

ఇంధన భద్రత అనగానే మన పాలకులకూ నిపుణులకూ బొగ్గు గనులు, చమురు ఓడలు, విద్యుత్ కేంద్రాలు గుర్తొస్తాయి. పొయ్యి గుర్తుకు రాదు. ఇంటిచాకిరీ శ్రమ కింద లెక్కకు రానట్టే, ఆడవాళ్ళు ఏరి, మోసి, ఎండబెట్టుకునే వంటచెరకు ఇంధనం కింద లెక్కకు రాదు. పర్యావరణ నిబంధనలు దేశ ఇంధన భద్రతకు అడ్డమా, అండా అన్న చర్చ కూడా ఈ తప్పుడు లెక్కల మీదే నడుస్తోంది.

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి చేలల్లో చివరి ఏరుడు అయిపోయాక మిగిలేది పత్తికట్టె, మిరపకట్టె. గ్యాసు బండ ఉన్న కూలీల ఇళ్ళల్లో కూడా నీళ్ళు కాగేది, తరచుగా కూడు ఉడికేది దాంతోనే. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం దాని పేరు 'వ్యవసాయ వ్యర్థం'. చేలల్లో పంట మోళ్ళు తగలబెట్టే పొగను తగ్గించడానికి, బొగ్గు ఆదాకు, 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ ఒక నియమం పెట్టింది. బొగ్గు విద్యుత్ కేంద్రాలు 5 శాతం మేర పంట వ్యర్థాల గుళికలు కలిపి కాల్చాలి. గులాబీ రంగు పురుగు వ్యాపిస్తుంది కాబట్టి పత్తికట్టె కుప్పలు నిలవ ఉంచవద్దని వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెబుతోంది. రెండింటి ఉద్దేశమూ మంచిదే. రైతుకు కట్టె మీద నాలుగు డబ్బులొస్తే నేను కాదనను. కానీ డబ్బు చేరేది పొలం ఎవరి చేతిలో ఉందో వారికి. కట్టె తరిగేది పొలం లేని స్త్రీ పొయ్యిలోంచి.

అలాగని ఆమెను పొగలోనే మగ్గమనడం లేదు. 1999లో దీపం, 2016లో ఉజ్వల వచ్చాయి. 2024లో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత బండలు ఇవ్వడం మొదలైంది. మూడు బండలతో కుటుంబానికి ఏడాది గడవదు. దేశం వాడే వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతే. బండ పొదుపు చేసి ఆమె కట్టె రాజేసిన ప్రతి పూటా ఆ దిగుమతి భారంలో కొంత తన ఊపిరితిత్తులతో మోస్తోంది. ఈ త్యాగం ఏ నివేదికలోనూ ఉండదు.

ఈ మాట చెప్పుకోవడానికి చట్టం ఇచ్చిన చోటు ప్రజాభిప్రాయ సేకరణ. 1997లో పర్యావరణ అనుమతుల్లో దాన్ని చేర్చారు. అయితే 2009 సవరణ 15 మెగావాట్ల లోపు జీవ ఇంధన విద్యుత్ కేంద్రాలను ఆ అనుమతి నుంచే మినహాయించింది. పత్తికట్టె లాంటివి కొనే కేంద్రాలు చాలావరకు ఈ పరిమాణంలోనివే. అనుమతి అక్కర్లేదంటే సభ ఉండదు, సభ లేకపోతే ఆమె మాటా నమోదు కాదు.

కాబట్టి నిబంధనలు ఎత్తివేయమనే వారితోనూ, ఉన్నవి చాలుననే వారితోనూ నాకు పేచీ ఉంది. కట్టె కొనే కేంద్రం పెట్టేముందు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్ని పొయ్యిలు దాని మీద ఆధారపడ్డాయో లెక్కతీయాలి. గ్రామసభలో కూలీ స్త్రీలను అడగాలి. కట్టె తీసుకుపోయే చోట ఏడాది పొడవునా సరిపడా గ్యాసుకు హామీ ఇవ్వాలి. పొయ్యి వెలగడానికి పూచీ లేని ఇల్లు కూడా ఈ దేశంలోదే.