గర్భిణులకు రక్తపరీక్ష: అనుమతి ఎవరిది?



గర్భిణులందరికీ హెచ్.ఐ.వి. పరీక్ష చేయుట నేడు ఆసుపత్రులలో మామూలైనది. ఇది మంచిదే. చికిత్స లేనిచో తల్లినుండి బిడ్డకు వ్యాధి సోకుట నూటికి 15 మొదలు 45 వరకు ఉండగా, సకాలమున మందులు వాడినచో అది 5కు లోపుగా తగ్గునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కావున పరీక్ష వలదని నేననను. అడుగకుండ చేయుటయే నాకు ఆక్షేపణ.

దొడ్డబళ్ళాపురంలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబం మాది. హిందూపురంనుండి వచ్చిన మా కోడలిని నిరుడు ఒక ఆసుపత్రికి తీసుకొనిపోతిని. సంతకానికిచ్చిన కాగితం కన్నడంలో ఉన్నది. ఆమెకు తెలుగు తప్ప చదువరాదు. ఏయే పరీక్షలో ఎవరూ చెప్పలేదు. ఫలితాలు మాత్రం నా చేతికిచ్చి, "హెచ్.ఐ.వి. కూడా లేదమ్మా" అని పదిమందిలో చెప్పిరి. నేను సంతోషించితిని. ఆ రాత్రి కోడలు, "ఉందని వచ్చివుంటే నన్ను ఇంట్లోకి రానిచ్చేవారా, అత్తమ్మా?" అన్నది. నాకు వెంటనే జవాబు రాలేదు.

2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన 2017 నాటి చట్టం ప్రకారం, ఆమెకు అర్థమగు భాషలో వివరించి, అనుమతి పొందిన పిమ్మటనే పరీక్ష చేయవలెను. హింసించుదురనో, విడిచిపెట్టుదురనో భయమున్నచోట ఆమె ఫలితాన్ని భర్తకు సైతం తెలుపరాదని అందులో ఉన్నది. అట్టిది అత్తకు ముందు చెప్పుట ఏమి న్యాయం?

అడిగినచో కొందరు వలదందురు, బిడ్డకు హాని యగునని కొందరి వాదన. కాని ఈ మందులు ఒకనాటివి కావు, జన్మాంతం వాడవలసినవి. బెదరిన తల్లి మరల ఆసుపత్రి గడప తొక్కదు. నమ్మి వచ్చిన తల్లియే మందులు వాడి బిడ్డను కాపాడుకొనును. పైగా ఇంటిలో మొదట పరీక్ష జరుగునది ఆమెకే గనుక, భర్తనుండి సోకినను నింద ఆమెపైననే పడును. కావున భర్తకును పరీక్ష చేయించుకొమ్మని చెప్పవలెను.

సరిహద్దు ప్రాంతపు ఆసుపత్రులలో అనుమతి పత్రములు తెలుగులో కూడ ఉంచి, చదువురాని వారికి చదివి వినిపించి, ఫలితాన్ని గర్భిణికే ఏకాంతమున చెప్పవలెనని అధికారులకు నా మనవి. పెద్దలమైన మనము కూడ ఆ సమయమున గది వెలుపల కూర్చొనుట నేర్వవలెను.

భవదీయురాలు,
ఒక అత్తగారు
దొడ్డబళ్ళాపురం