మైళ్ళు కానుక కావు

విజయనగర, శ్రీకాకుళ మండలములనుండి రైలుమార్గము వెంబడి వచ్చి, కొందరు రైల్వేలోను, కొందరు భిలాయి ఉక్కు కర్మాగారమునందును, మరికొందరు వర్తకమునందును జీవనోపాధి సంపాదించి రాయపూరున స్థిరపడిన తెలుగు కుటుంబముల సంతానము నేడు అమెరికాలో ఉద్యోగములు చేయుచుండుటచే, తెలీబంధా చెరువు చుట్టుపట్ల నివసించు వృద్ధ దంపతులు రెండు మూడేండ్ల కొకమారు సముద్రములు దాటుట సామాన్యవిషయమైనది. అట్టివారికి టికెట్టు కొనునపుడు కుమారుడో అల్లుడో చెప్పు మాట ప్రతి యింటను ఒక్కటే. "ఏ విమానమైన నేమి, మన సభ్యత్వమున్న కంపెనీకి భాగస్వామి యైన చాలును, మైళ్ళు ఊరకనే పడును." మైళ్ళనగా విమానసంస్థ తన సభ్యుని ఖాతాలో ప్రయాణమునకై జమచేయు, పిమ్మట టికెట్టుగా మార్చుకొనదగిన అంకెలు. చదువుకొన్నవారు, లెక్క తెలిసినవారు, ఇతరవిషయములలో ఎంతో జాగరూకులైనవారు సైతము నిస్సంశయముగా నమ్ముచున్న ఈ విశ్వాసమునే నేను ఖండింపబూనితిని.

మైళ్ళు ఊరక వచ్చునవి కావనుటకు భాగస్వామి టికెట్టే ప్రబలసాక్ష్యము. ఎయిర్ ఇండియా 2007 లో స్టార్ అలయన్స్ అను విమానసంస్థల కూటమికి ఆహ్వానము పొంది, 2011 లో ఆ ప్రయత్నము నిలిచిపోగా, తుదకు 2014 జూలై 11 న అందు చేరినది. నాటినుండి రాయపూరున ఎయిర్ ఇండియా విమాన మెక్కి ఢిల్లీ మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో చేరినవాడు, కోరినచో, తన ప్రయాణపు మైళ్ళను అదే కూటమిలోని అమెరికా దేశపు యునైటెడ్ వారి మైలేజ్‌ప్లస్ ఖాతాలో జమ చేయించుకొనవచ్చును. ఆ మైళ్ళను యునైటెడ్ వారు స్నేహధర్మముచే ఇచ్చుట లేదు. ఎయిర్ ఇండియా వాటి వెలను ఒప్పందానుసారముగా యునైటెడ్‌కు చెల్లించును. ఆ వెల ప్రయాణికుడిచ్చిన చార్జీలోనిదేగాని వేరొకచోటనుండి పుట్టినది కాదు. కోవిడ్ విపత్తు సమయమున, 2020 లో, యునైటెడ్ ఈ మైలేజ్‌ప్లస్‌నే హామీగా పెట్టి 680 కోట్ల డాలర్ల ఋణమును, డెల్టా విమానసంస్థ తన స్కైమైల్స్‌ను హామీగా పెట్టి 900 కోట్ల డాలర్ల ఋణమును పొందినవి. ఉచితముగా పంచు వస్తువును హామీగా గ్రహించి ఇంత ధనమును అప్పిచ్చు ఋణదాత లోకమున ఎచ్చటనైనను ఉండునా?

కావున మైలనునది మనము ముందే చెల్లించిన ధరలో ఒక భాగము. ఇంక, ఆ భాగము మనకెంత తిరిగి వచ్చునో కొనునాడు తెలియునా యన్నచో, భాగస్వామి టికెట్టు విషయమున బహుశః తెలియదనియే చెప్పవలెను. టికెట్టు సంఖ్యలో అంకెలు పదమూడు. మొదటి మూడును దానిని జారీ చేసిన సంస్థకు గుర్తు. 098 అన్నచో ఎయిర్ ఇండియా, 016 అన్నచో యునైటెడ్. ఒకే విమానమున ప్రక్కప్రక్క కుర్చీలలో కూర్చుండి, ఒకే దూరము ప్రయాణించి, ఒకే మైలేజ్‌ప్లస్‌లో జమ కోరు ఇద్దరిలో 016 తో మొదలగు టికెట్టువానికి చెల్లించిన చార్జీని బట్టియు, 098 తో మొదలగు టికెట్టువానికి ప్రయాణదూరమును, టికెట్టుపై ముద్రింపబడిన తరగతి అక్షరమును బట్టియు మైళ్ళు లెక్కింపబడును. ఆ అక్షరము ఆర్థిక తరగతి, వ్యాపార తరగతి యని మన మెరిగిన విభాగమును సూచించునది కాదు. ఆర్థిక తరగతిలోనే అనేకాక్షరములున్నవి. వానిలో చౌకటికెట్టుల కిచ్చు అక్షరములకు కొన్ని పథకములయందు దూరములో స్వల్పభాగమే దక్కును, కొన్నింటికి శూన్యము. చౌకగా దొరకినదని సంతోషించి కొన్న తండ్రికి ఈ భేదమును టికెట్టు అమ్మువాడు చెప్పడు.

ఇంతకంటె బాధాకరమైన అడ్డంకి మన పేర్లయందే కలదు. మైళ్ళు టికెట్టుపై పేరున్న ప్రయాణికునికే గాని అతని కుమారునికి చేరవు. కొడుకు సభ్యత్వసంఖ్యను తల్లిదండ్రుల టికెట్టులపై వ్రాయించుట నిష్ఫలము. సరే, వారి పేరనే ఖాతా తెరచితిరి. తెలుగువారి ఇంటిపేరు ముందు వచ్చును. పాస్‌పోర్టులో అది చివరి పేరై కూర్చుండును. కొందరికి ఒక్క అక్షరమై మిగులును. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టి పెరిగినవారికి పాఠశాల రికార్డులో "రావు" ఇంటిపేరుగా మారినదియు కలదు. ఇంటిపేరు గడి ఖాళీగా నున్న పాస్‌పోర్టుగల వృద్ధస్త్రీలకు ఆ ఒక్క పేరే కొన్నిమార్లు టికెట్టుపై రెండు గడులలోను నింపబడును. ఖాతాలోని పేరును టికెట్టుపై పేరును ఒండొంటితో సరిపోలకున్నచో జమ తిరస్కరింపబడును. అప్పుడు బోర్డింగ్ పాస్, టికెట్టు సంఖ్య జతచేసి గడువులోపల విన్నవించుకొనవలెను. ఎగిరించిన సంస్థ నడిగినచో ఖాతా ఉన్న సంస్థ నడుగుమనును. ఆ సంస్థ నడిగినచో భాగస్వామినుండి వివరములు రాలేదనును. ఇరువురును వాగ్దానము చేసిరి. ఉత్తరవాదిత్వము మాత్ర మొక్కరిదియు కాదు.

జమ యైన మైళ్ళకైనను స్థిరత్వమున్నదా? కింగ్‌ఫిషర్ సంస్థ 2012 ఫిబ్రవరి 10 న వన్‌వరల్డ్ కూటమిలో చేరవలసియుండగా, ఆ చేరిక కొలదిదినముల ముందే నిలిచిపోయి, అదే సంవత్సరము అక్టోబరులో దాని విమానములే ఆగిపోయినవి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17 న ఆగినది. సంస్థ బ్రతికియున్నను భరోసా లేదు. డెల్టా 2015 లోను, యునైటెడ్ 2019 లోను ఎన్ని మైళ్ళకు ఎచ్చటికి టికెట్టు దొరకునో తెలుపు స్థిరమైన పట్టికలనే తొలగించినవి.

దీనికి ప్రతివాదులు చెప్పు సమాధానము ఒకటి కలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. భాగస్వాముల పట్టికలను శ్రద్ధగా చదివినవాడు, తక్కువ చార్జీతో ఎక్కువ దూరము పోవు టికెట్టును దూరమును లెక్కించు పథకమునకు జతచేసి, ఆ పథకము సొంత టికెట్టుపై ఇచ్చు దానికంటె అధికముగా గడింపగలడని వారందురు. నిజమే. నెలకు రెండుసార్లు కంపెనీ ఖర్చుపై ఎగురువానికి అది సాధ్యము, లాభకరము. కాని వాని టికెట్టు ధరలోను, మూడేండ్ల కొకసారి పయనించి, గడువుండు పథకములందు గడించిన స్వల్పసంఖ్యను గడువు తీరి పోగొట్టుకొను వృద్ధురాలి టికెట్టు ధరలోను ఈ పథకపు ఖర్చు ఇమిడియే యున్నది. ఆమె వదలుకొన్నదే అతడు అనుభవించుచున్నాడు.

మైళ్ళ ఆశచే మనవారు చేయు అసలు నష్టము ధనరూపమైనది కూడ కాదు. రాయపూరునుండి హైదరాబాదు చేరి, శంషాబాదులో తెలుగు వినుచు, బంధువు లొకరు వచ్చి సామాను చూడగా, అచ్చటినుండి గల్ఫ్ మీదుగా పోదగిన తల్లిని, కూటమి పేరు చెప్పి ఢిల్లీలో అర్ధరాత్రి టెర్మినల్‌లో ఒంటరిగా కూర్చుండబెట్టుట నాకు సహింపరానిది. ఆమె మోకాళ్ళకు, నిద్రకు, భయమునకు విలువ కట్టని లెక్కను లెక్క యనను. టికెట్టు నెంచునపుడు మొదట చూడవలసినది మార్గసౌకర్యము, తరువాత ధర, ఆ రెండును సమానమైనపుడే మైళ్ళు.

ఇంక న్యాయము మాట. అమెరికాలో 2014 నాటి నార్త్‌వెస్ట్ విమానసంస్థ, గిన్స్‌బర్గ్ వ్యాజ్యమున, తనను పథకమునుండి అకారణముగా తొలగించిరని ఒక యూదు మతాచార్యుడు సద్భావధర్మము నాశ్రయించి మొరపెట్టుకొనగా, మైళ్ళ పథకము చార్జీలతో సంబంధించినది గావున విమానయాన నియంత్రణను సడలించిన చట్టము అట్టి దావాను నిరోధించునని సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా తీర్పుచెప్పినది. ప్రకటనలో కానుకగా కనబడునది న్యాయస్థానమున ధరతో ముడివడినదిగా తేలినది! మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము అన్యాయపు ఒప్పందమును నిర్వచించి, దానిపై రాష్ట్ర కమిషన్ ఎదుట, ఫిర్యాది నివసించు చోటనే మొరపెట్టుకొను హక్కును ప్రసాదించినది. కాని అదే చట్టము ఉచితముగా చేయబడిన సేవను తన పరిధినుండి తొలగించినది. మైళ్ళు ఊరకనే వచ్చునని మనమే చాటుచుండుట ఎంత ప్రమాదకరమో ఇప్పుడు తెలియగలదు. ఆ విశ్వాసము మన చేతనే మన హక్కును వదలింపజేయుచున్నది.

మనము కోరవలసినవి మూడే. ప్రయాణికుడు కోరిన పథకమున ఆ టికెట్టుకు ఎన్ని మైళ్ళు జమయగునో అమ్మునపుడే చార్జీ ప్రక్కన తెలుపవలెను. పాస్‌పోర్టు చూపినవానికి పేరు వరుస తారుమారైనదని జమను నిరాకరింపరాదు. జమ విషయమున భాగస్వాము లిరువురిలో ఎవరిని అడిగినను వారే బాధ్యత వహింపవలెను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర కమిషన్ రాయపూరుననే యున్నది. బోర్డింగ్ పాసులను, తిరస్కార లేఖలను భద్రపరచియుంచిన కుటుంబములు ఇచ్చట అనేకములున్నవి. మన తెలుగు సంఘములు పండుగ సభలకు వెచ్చించు శ్రద్ధలో కొంత దీనికి మరలించి, వారి కాగితముల నొకచోట చేర్చి, ఒక న్యాయవాదిచే ఫిర్యాదు వ్రాయించవలెను.