పళ్ళు చూసి ఎద్దును, పుస్తకం చూసి బండిని

పూర్వం మన పెద్దలు సంతలో ఎద్దును కొనవలసి వచ్చినప్పుడు, అమ్మేవాడు చెప్పిన వయసును నమ్మేవారు కారు. ముందుగా నోరు తెరిపించి పళ్ళు చూసేవారు. పిమ్మట సుడులు చూసేవారు. కాడి కట్టి నాలుగడుగులు నడిపించిన తర్వాతనే తువ్వాలు చాటున చేతులు కలిపి బేరమాడేవారు. పాత కారు కొనేవారికి ఇంతకు మించిన సలహా లేదు. నెలకు వేల కిలోమీటర్లు తిరగడానికి పాత డీజిలు కారు కొనదలచినవారికి ఇది మరింత అవసరం.

ఈ నెల శీర్షికకు ఈ విషయాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మా విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన కొంతకాలం క్రితం మా ఇంటికి వచ్చారు. ఆయన కుమారుడు విత్తనాల కంపెనీలో విక్రయ ప్రతినిధి. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ మీదుగా గిద్దలూరు వరకు డీలర్ల చుట్టూ తిరగడం అతని పని. నెలకు సుమారు 3,500 కిలోమీటర్లు. కొంత దూరం బస్సు, కొంత దూరం మోటారు సైకిలు. అబ్బాయి ఇంటికి చేరేసరికి ఒక్కొక్క రోజు రాత్రి పదకొండు దాటుతుంది. గేటు చప్పుడు వినేదాకా తల్లి నిద్రపోదు. అందుచేత గ్రాట్యుటీ సొమ్ములో కొంత తీసి కారు కొనిపెట్టాలని ఆయన నిశ్చయించుకున్నారు.

“మూడున్నర లక్షలకు వస్తున్నదండీ. 2014 బండి. అరవై రెండు వేల కిలోమీటర్లే తిరిగిందట. మీరు కూడా ఒకసారి చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది” అన్నారు.

బండిని చూసే ముందు మేము కాగితం, కలం తీసుకుని కూర్చున్నాము.

డీజిలు అవసరమా?

డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని తీవ్రంగా కుదించినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఇంత అధికంగా కుదించడం వల్లనే అది లీటరుకు ఎక్కువ దూరం నడుస్తుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవలసి ఉన్నందువల్లనే దాని భాగాలు బరువైనవి, ఖరీదైనవి.

ఒకప్పుడు ఈ లెక్క సులభంగా ఉండేది. 2012 ప్రాంతంలో పెట్రోలుకు, డీజిలుకు మధ్య లీటరుకు ఇరవై రూపాయలకు మించిన వ్యత్యాసం ఉండేది. 2010లో పెట్రోలు ధరపై, 2014 అక్టోబరులో డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగింది. ఆ అంతరం తగ్గిపోయింది. 2024 మార్చి తగ్గింపు తర్వాత హైదరాబాదులో పెట్రోలు సుమారు 107 రూపాయలు, డీజిలు సుమారు 96 రూపాయలు అయింది. ఆ ధరలతోనే లెక్క వేద్దాము. మీ ఊరి ధరను బట్టి అంకెలు మార్చుకోవచ్చు.

పెట్రోలు కారు లీటరుకు 16, డీజిలు కారు 20 కిలోమీటర్లు నడుస్తాయనుకుందాము. పెట్రోలుకు కిలోమీటరుకు సుమారు 6 రూపాయల 70 పైసలు, డీజిలుకు 4 రూపాయల 80 పైసలు అవుతుంది. ఆదా 1 రూపాయి 90 పైసలు. అయితే పాత డీజిలు బండికి ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్చి వంటి పెద్ద మరమ్మతులు ఎప్పుడైనా రావచ్చు. వాటి నిమిత్తం కిలోమీటరుకు ఒక రూపాయి పక్కన పెట్టడం వివేకం. అప్పుడు మిగిలేది 90 పైసలు.

నెలకు 3,500 కిలోమీటర్లు తిరిగేవారికి ఆ 90 పైసలే ఏడాదికి 37 వేల రూపాయలకు పైబడుతుంది. కాలనీ నుంచి కార్యాలయానికి, ఆదివారం బజారుకు కలిపి నెలకు 600 కిలోమీటర్లు తిరిగేవారికి మిగిలేది ఏడాదికి ఆరు వేల చిల్లర. డీజిలు బండికి అదనంగా పెట్టిన ధరలోనే అది కరిగిపోతుంది. కనుక తక్కువ తిరిగేవారు ఇరుగు పొరుగును చూసి డీజిలు జోలికి పోరాదు. పెద్దాయన కుమారునికి మాత్రం లెక్క కుదిరింది.

బజారులో దొరికేవి

1998 చివరలో టాటా ఇండికా వచ్చినప్పటి నుంచి డీజిలు హ్యాచ్‌బ్యాక్, అంటే వెనుక తలుపు పైకి తెరుచుకునే చిన్న కారు, మన రోడ్లకు పరిచయం. 2007లో మారుతి స్విఫ్ట్ డీజిలు వచ్చింది. ఫియట్ రూపొందించిన దాని 1248 సి.సి. ఇంజనునే రిట్జ్, బలెనో, ఇండికా విస్టా, పుంటో కార్లలోనూ అమర్చారు. ఇన్ని బండ్లలో ఉన్నందువల్ల దాని విడిభాగాలు, దానిని ఎరిగిన మెకానిక్కులు చిన్న పట్టణాలలో సైతం దొరుకుతారు. దూరాలు తిరిగేవారికి ఇది చిన్న విషయం కాదు. హ్యుందాయ్ ఐ20, ఫోర్డ్ ఫిగో, ఫోక్స్‌వ్యాగన్ పోలో కూడా పాత బజారులో లభిస్తాయి. ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీని నిలిపివేస్తున్నట్లు 2021లో ప్రకటించింది. అందుచేత ఆ బండి కొనేవారు తమ ఊరిలో సర్వీసు సౌకర్యాన్ని ముందుగా విచారించుకోవాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి రాగానే మారుతి డీజిలు కార్లను మానుకుంది. కాబట్టి బజారులోని చిన్న డీజిలు కార్లలో అధికభాగం అంతకు ముందువే. బి.ఎస్.-6 డీజిలు కారులో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది పట్టిన మసిని వేడితో కాల్చుకోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా నడవాలి. ఊళ్ళోనే రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో అది పూడుకుపోతుంది. హైవే మీద తిరిగేవారికి ఆ భయం తక్కువ.

నోరు తెరిపించి చూడడం

మేము వెళ్ళేసరికి ఆ 2014 బండి బానెట్టు వెచ్చగా ఉంది. అమ్మకందారు ముందుగానే ఇంజను నడిపి ఉంచాడన్నమాట. వేడెక్కిన డీజిలు ఇంజను తన రోగాన్ని దాచుకుంటుంది. “రేపు ఉదయం ఏడింటికి వస్తాము, అంతవరకు తాళం తిప్పవద్దు” అని చెప్పి వచ్చేశాము. మర్నాడు చల్లని ఇంజను చాలాసేపు మొరాయించి అంటుకుంది. వెనుక నుంచి నీలిపొగ వచ్చింది. నీలిపొగ అంటే ఇంజను ఆయిలు కాలుతున్నదని అర్థం. బరువు లాగుతున్నప్పుడు దట్టమైన నల్లపొగ వస్తే ఇంధనం సరిగా కాలడం లేదని గ్రహించాలి. ఇంజను నడుస్తుండగా ఆయిలు మూతను వదులు చేసినప్పుడు కొద్దిపాటి ఆవిరి సహజమే. బుసలు కొడుతూ పొగ తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగినట్లు అనుమానించాలి. డీజిలు ఇంజనులో ఆయిలు త్వరగా నల్లబడుతుంది, అది లోపం కాదు. పాలు కలిసినట్లు తెల్లగా ఉంటే మాత్రం నీరు చేరిందని తెలుసుకుని వెనుదిరగాలి.

పై గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను రొద పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చి అరిగిపోయినట్లే. ఇంధనాన్ని వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో చిమ్మే కామన్ రైల్ ఇంజనులకు చుక్క నీరు, చిటికెడు దుమ్ము కూడా శత్రువులే. అందుకని డీజిలు ఫిల్టరు వేళకు మార్చారా అని అడగాలి. 1248 సి.సి. ఇంజనులో టైమింగు చైను ఉంటుంది. కొన్ని ఇతర ఇంజనులలో బెల్టు ఉంటుంది. బెల్టు మార్చిన రుజువు లేకుంటే ఆ ఖర్చును ధరలోనే తగ్గించుకోవాలి. టైరు పక్కన అచ్చుపడిన నాలుగు అంకెలు కూడా చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం.

ఇక కిలోమీటర్ల సంగతి. మీటరు 62 వేలు చూపుతున్నది గాని, క్లచ్చి పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంది. స్టీరింగు తోలు మెరుస్తున్నది. అధీకృత సర్వీసు కేంద్రంలో విచారించగా, 2019లో చివరిసారి వచ్చినప్పుడే ఆ బండి 1,18,000 కిలోమీటర్లు తిరిగినట్లు నమోదై ఉంది. అప్పటికే స్నేహితులకు కారు కొంటున్నానని చెప్పుకున్న అబ్బాయి తల దించుకున్నాడు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. దారిలో మాత్రం, “నిన్ననే అడ్వాన్సు ఇద్దామని చెక్కుబుక్కు జేబులో పెట్టుకుని వెళ్ళానండీ” అన్నారు.

కాగితాలు, ప్రాణరక్షణ

ఆర్.సి.లో ఎన్నవ యజమాని, అప్పు తాకట్టు ఉన్నదా, చలానాలు బాకీ ఉన్నాయా అన్న విషయాలను రవాణా శాఖ ‘వాహన్’ వివరాలలో సరిచూసుకోవాలి. అప్పు ఉంటే బ్యాంకు సంతకంతో ఫారం 35, బదిలీకి ఫారాలు 29, 30, ఇతర రాష్ట్రపు బండి అయితే నిరభ్యంతర పత్రం అవసరం. ఆ బండికి ఇక్కడ మళ్ళీ పన్ను కూడా కట్టవలసి రావచ్చు. ఢిల్లీ బండ్లు చవక అన్న మాట తరచు వింటాము. పదేళ్ళు దాటిన డీజిలు వాహనాలపై అక్కడ 2015లో హరిత ట్రిబ్యునల్ ఆంక్ష విధించగా, 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2025లో ఈ విషయమై ఉత్తర్వులు మళ్ళీ మారాయి. కొనే రోజున ఉన్న నిబంధనను కనుక్కోకుండా అటువంటి బండికి డబ్బు కట్టరాదు.

మన పాత కారును అమ్మేవారికీ ఒక హెచ్చరిక. బండి చేతులు మారినా ఆర్.సి.లో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారపు బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కొన్నవారు 14 రోజులలోగా బీమాను తమ పేరుకు మార్చుకోవాలి. లేకుంటే సొంత బండికి జరిగిన నష్టం క్లెయిము చిక్కులో పడుతుంది. అమ్మిన వ్యక్తి నో క్లెయిమ్ బోనసు అతనిదే, బండితో రాదు. సొంత వ్యాపారం పని మీద తిరగడం వేరు, కిరాయికి నడపడం వేరు. తెల్ల నంబరు ప్లేటు బండిని కిరాయికి తిప్పితే బీమా వర్తించదు.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు 2022 నుంచే అన్ని కొత్త కార్లకు తప్పనిసరి అయ్యాయి. చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఎ.బి.ఎస్. బ్రేకులు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు బండ్లలో చవక రకాలకు ఈ రెండూ లేనివి చాలా ఉన్నాయి. రాత్రివేళ లారీల మధ్య తిరిగేవారు ఇరవై ముప్ఫై వేలు మిగులుతాయని వీటిని వదులుకోరాదు.

మరో నెల వెదికిన తర్వాత 2018 బండి ఒకటి దొరికింది. ఒకే యజమాని. మీటరు 1,12,000. ప్రతి పదివేలకు సర్వీసు చేయించిన బిల్లులు అట్టలో కుట్టి ఉన్నాయి. ఎయిర్‌బ్యాగులు, ఎ.బి.ఎస్. ఉన్నాయి. క్లచ్చి చివరి దశలో ఉన్నందున ఆ మేరకు ధర తగ్గించారు. అయినా మొదటి బండి కంటే లక్షన్నర ఎక్కువే అయింది. లక్ష దాటిన మీటరును చూసి బంధువులు పెదవి విరిచారు. “అరవై రెండు వేల అబద్ధం కంటే లక్షా పన్నెండు వేల నిజం నయం” అన్నారు పెద్దాయన.

ఇప్పుడు ఆ అబ్బాయి డీజిలు పోయించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు ఒక నోటుపుస్తకంలో వ్రాస్తున్నాడు. మైలేజి తగ్గితే ముందుగా ఆ పుస్తకమే చెబుతుంది. హైవే నుంచి వచ్చి ఆగిన వెంటనే తాళం తీయకుండా, టర్బో చల్లబడడానికి అర నిమిషం ఇంజనును నడవనిస్తున్నాడు. ఆ అర నిమిషపు చప్పుడు విని తల్లి లేచి తలుపు తీస్తుందట.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు. రేపు ఆ బండిని అమ్మవలసి వచ్చిననాడు కొనేవారికి చూపడానికి ఆ నోటుపుస్తకం ఉంటుంది. పాత వాహనాల విషయంలో మీ అనుభవాలను కూడా ఈ శీర్షికకు వ్రాసి పంపండి. మరొక కుటుంబానికి అవి ఉపకరించవచ్చు.