అడ్డచుట్ట నేలకు పరిశోధకులేరీ?

శ్రీకాకుళం: చుట్ట నిప్పు కొసను నోట్లో ఉంచుకుని పొగ తాగే అలవాటు ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా మహిళల్లో, తరతరాలుగా ఉంది. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబారి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, ముంబయి పరిశోధకులు కలిసి జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు.

ఈ మార్పులను సూక్ష్మదర్శిని కింద నిర్ధారించేది ఓరల్ పాథాలజీ, మైక్రోబయాలజీ విభాగం. అందులో పీహెచ్‌డీ మార్గం సుదీర్ఘం. బీడీఎస్‌కు ఐదేళ్లు, ఎండీఎస్‌కు మూడేళ్లు, ఆపై పరిశోధనకు కనీసం మరో మూడేళ్లు; వెరసి 11 ఏళ్లు. దంత కళాశాలలో బోధనకు ఎండీఎస్ సరిపోతుంది. సొంత క్లినిక్ తెచ్చే రాబడి ప్రయోగశాల తేలేదు. అందువల్ల డాక్టరేటుకు ప్రోత్సాహం కొరవడుతోంది.

నష్టం మాత్రం పల్లెలదే. ఏ తెల్లమచ్చ క్యాన్సర్‌గా మారుతుందో ఒక్క బయాప్సీతో కచ్చితంగా చెప్పలేరు. అదే రోగులను ఏళ్ల తరబడి గమనించాలి. ఆ ఓపిక డాక్టరేటు పరిశోధనకే సాధ్యం. చాలినంత ఉపకారవేతనం ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో పరిశోధకులను అనుసంధానిస్తే జిల్లా వ్యాధికి జిల్లాలోనే సమాధానం వెదకవచ్చు.