రెండవభాష ఎవరికి రెండవది?



బడులు తెఱచు దినములు వచ్చిన వనఁగానే ప్రతియింటను నొక మాట వినఁబడుచుండును. "పిల్లకు తెలుఁగే సరిగా రాలేదు, ఈ హిందీ ఎందుకమ్మా?" అని. మొన్న మా యరుఁగుమీఁద నలుగురము కూడినపుడు నీ ప్రశ్నయే వచ్చినది. పెక్కు భాషలు గల దేశము గనుక ప్రతిబిడ్డయు రెండవభాష నేర్చితీరవలె ననుట న్యాయమా కాదా యని యీ నెల విచారింతము.

ఈ వివాదము క్రొత్తది కాదు. మన పల్నాడు చెన్నపురి రాజధానిలోనిదై యున్న కాలమున, 1938లో, రాజగోపాలాచారిగారి ప్రభుత్వము కొన్ని ఉన్నత పాఠశాలలలో హిందీని నిర్బంధము చేసినది. అఱవదేశమున గొప్ప యలజడి పుట్టి, 1940లో నా నిర్బంధము తొలఁగింపఁబడినది. అంతకు ముందే కాకినాడలో దుర్గాబాయమ్మగారు, పిమ్మట దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని ప్రసిద్ధి కెక్కినవారు, తాము బాలికగా నున్నపుడే హిందీపాఠశాల పెట్టి స్త్రీలకు నేర్పిరి. 1918లో చెన్నపురిలో నారంభమైన హిందీ ప్రచారసభవారి పరీక్షలకు, ఇంటిపని ముగించుకొని చదివి కూర్చున్న గృహిణు లెందఱో కలరు. వారిని నిర్బంధించినవా రెవరును లేరు.

నేఁడు మన రాష్ట్రములో నాఱవ తరగతినుండి హిందీ చెప్పుదురు. పదవ తరగతి పరీక్షలో తెలుఁగునకును గణితమునకును 35 మార్కులు రావలసియుండఁగా, ద్వితీయభాషకు 20 వచ్చినఁ జాలును. తప్పక చదువవలె నని విధించినవారే, అది సరిగా రాదని ముందుగా నొప్పుకొన్నట్లున్నది. పిల్లలు నాలుగు ప్రశ్నలకు జవాబులు వల్లించి గట్టెక్కుదురు. అయిదేండ్లు చదివినవారు కాశికి పోయి దారి యడుగఁజాలరు.

ఇఁక మన పల్నాటి సంగతి చూడుఁడు. మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతములలో లంబాడీతండాలు కలవు. నరసరావుపేటలోను మాచర్లలోను ఇంట ఉర్దూ మాటాడు కుటుంబములు కలవు; ఆ ఉర్దూ 2022లో మన రాష్ట్రమునకు రెండవ యధికారభాష యైనది. తండాలోని బిడ్డకు తల్లి "యాడి", నీళ్లు "పాణి". ఆ భాష తెలుఁగునకు చుట్టము కాదు, రాజస్థానమువైపు భాషలకు చుట్టము. కావున నా బిడ్డ బడిలో నడుగుపెట్టిన నాఁడే తెలుఁగు దానికి రెండవభాష. పిమ్మట ఇంగ్లీషు, ఆ పిమ్మట హిందీ. మన బిడ్డలు మూఁడు మోయునపుడు ఆ బిడ్డ నాలుగు మోయుచున్నది. పైఁగా దాని సొంతభాష దాని పుస్తకములలో నెక్కడను లేదు.

నాలుగేండ్ల క్రింద, మా యింటివారు పనిచేయు బడిలో మూఁడవ తరగతి చదువుచున్న తండాబాలిక యొకతె పాఠములో నొక మాట తప్పు పలికినది. తరగతి యంతయు గొల్లున నవ్వినది. నవ్వినవారిలో మా యమ్మాయియు నున్నది. మఱునాఁటినుండి యా పిల్ల బడికి రాలేదు. మిరపకోఁతల దినములు గనుక తల్లివెంట చేనికి పోవుచున్నదని తెలిసినది. మేము మా యమ్మాయిని వెంటఁబెట్టుకొని తండాకు పోయితిమి. ఆ తల్లి మంచము వాల్చి మమ్ముఁ గూర్చుండఁబెట్టి యేమో పలికినది. అమరము వల్లించి, భారతము చదివిన మా కొక్క మాటయు నర్థము కాలేదు. అప్పు డా పిల్ల, "మా యాడి మిమ్మల్ని మంచినీళ్లు తాగమంటందండీ" అని తెలుఁగు చేసి చెప్పినది. మమ్ముఁ జూచి వా రెవ్వరును నవ్వలేదు. మా యమ్మాయి తల వంచుకొన్నది.

కోఁత లయినపిదప నా పిల్ల మరల బడికి వచ్చినది. ఇపు డిద్దఱును ఏడవ తరగతి. హిందీపాఠము దానికి మా యమ్మాయికంటె సులువుగా వచ్చుచున్నది.

మా యభిప్రాయ మిది. భాషలు పెక్కు గలుగుట రెండవభాష నేర్పుటకు తగిన కారణమే. నిర్బంధము బొత్తిగా తీసివేసినచో, కలవారి పిల్లలు సొమ్ము పెట్టి నేర్చుకొందురు. పేదబిడ్డకు బడి తప్ప వేఱు దారి లేదు. అయితే ఆ నిర్బంధము బిడ్డకంటె ముందు బడిని పట్టవలెను. గిడుగు రామమూర్తిపంతులుగారు మా యీ గ్రాంథికమును మెచ్చినవారు కారు. ఐనను ఇక్కడ వారినే తలఁపవలెను. పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండి, తాము సవరభాష నేర్చి, సవరపిల్లలకు వారి భాషలోనే పాఠములు వ్రాసి, బడులు పెట్టించిరి. అక్కడ బిడ్డకంటె ముందు పంతులు రెండవభాష నేర్చినాఁడు. 1956లో రాజ్యాంగమునఁ జేర్చిన 350ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధన కల్పింపవలె నని చెప్పుచున్నది. 2004లో ఉమ్మడి రాష్ట్రమున సవర, కోయ, గోండి, బంజారా మొదలగు నెనిమిది భాషలలో నట్టి బోధన మొదలుపెట్టిరి. ఆ త్రోవ ప్రతితండా బడివఱకును సాగవలెను.

తమిళనాట హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుఁగుపిల్లలు 2006 నాఁటి చట్టముచే తమిళము తప్పక చదువవలసివచ్చినపుడు మన మందఱము బాధపడితిమి. మన పొరుగుననున్న తండాపిల్లకొఱకు నాపాటి బాధ పడితిమా?

ప్రభుత్వము చేయవలసినవి యట్లుండఁగా, ఇంట మనము చేయఁదగినవి రెండు కలవు. ఒకరి పలుకును జూచి నవ్వరాదని బిడ్డలకు బడికి పోకముందే చెప్పవలెను. పొరుగువారి భాషలో పది మాటలైన వారిచేతనే నేర్పించుకొనవలెను. తల్లి నేర్చినచో బిడ్డయు నేర్చును. మీ యూళ్లలో బడిభాష యొకటియు నింటిభాష యొకటియునైన పిల్లల చదు వెట్లు సాగుచున్నదో మాకు వ్రాయుఁడు.