నీళ్లు, నిధులు, నియామకాలు... మరి నెత్తురు?

నీళ్లు, నిధులు, నియామకాల కోసం కొట్లాడి 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. ఆ కొట్లాటలో ఆదిలాబాద్ ఆడబిడ్డ కూడా జెండా పట్టి నడిచింది. మరి ఆమె ఒంట్లో నెత్తురు ఎంతున్నదో అడిగిన నాయకులెందరు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. 2015-16లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 56.6 శాతం మందికి రక్తహీనత ఉంది. 2019-21 నాటికి అది 57.6 శాతమైంది. ఐదేళ్లలోపు పిల్లల్లోనైతే 60.7 నుంచి 70 శాతానికి పెరిగింది. రెండు సర్వేలూ స్వరాష్ట్రంలో జరిగినవే. ఈ పాపాన్ని వలస పాలకుల ఖాతాలో వేసి చేతులు దులుపుకునే వీల్లేదు. జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి హైదరాబాద్ లోనే ఉంది. అక్కడి విజ్ఞానం ఉట్నూరు గూడేలకు చేరడానికి ఇంకెన్నేళ్లు కావాలి?

నెత్తురులో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. అది తయారు కావాలంటే ఇనుము కావాలి. స్త్రీలకు 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కళ్లు తిరగడం, గుండె దడ దాని గుర్తులు. పత్తి చేనులో కూలబడిన ఆడమనిషిని బద్ధకస్తురాలని తిట్టేవాళ్లకు ఈ సంగతి తెలియదు. నెత్తురు తక్కువున్న తల్లికి కాన్పులో రక్తస్రావమైతే ప్రాణానికే ముప్పు.

కారణం ఒక్క తిండే కాదు. నెలసరి రక్తస్రావం, వెంటవెంట కాన్పులు, చెప్పుల్లేని కాళ్లలోంచి ఒంట్లోకి చేరే కొంకిపురుగులు, మలేరియా అన్నీ కలిసి నెత్తురును హరిస్తాయి.

సర్కారు ఐరన్ గోలీలు పంచబట్టి 1970 నుంచి యాభై ఏళ్లు దాటింది. గోలీ మంచిదే. చెప్పి ఇవ్వకపోవడమే లోపం. మలం నల్లగా వస్తుంది, కడుపులో తిప్పుతుంది. భయపడి నాలుగు రోజులకే మానేస్తారు. మలం నల్లబడటం ప్రమాదం కాదని, తిప్పినట్టుంటే తిన్నాక వేసుకోవచ్చని, చాయ్ తో మింగితే ఇనుము ఒంటబట్టదని, నిమ్మరసం, ఉసిరికాయ తోడైతే బాగా పడుతుందని ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలె. గర్భిణి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలె. రక్తహీనత ఉన్నవాళ్లు హిమోగ్లోబిన్ పెరిగిందని వెంటనే ఆపొద్దు. ఒంట్లో ఇనుము నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు పడుతుంది.

ఆదిలాబాద్ కు ఇంకో చిక్కు ఉంది. గోండు, కొలాం బిడ్డల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. అది పుట్టుకతో వచ్చేది, ఇనుము లోపం కాదు. దానికి ఐరన్ గోలీ మందు కాదు. కాబట్టి ముందు పరీక్ష, ఆ తర్వాతే మందు. దేశంలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులైలో మొదలైంది. ఆ పరీక్ష చివరి గూడెం దాకా చేరాలె.

పథకాలకు కొదవ లేదు. 2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి వచ్చింది. 2022 డిసెంబర్ లో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ సహా 9 జిల్లాల్లో న్యూట్రిషన్ కిట్ వచ్చింది. కాగితం మీది గుడ్డు, పాలు గర్భిణి పళ్లెంలోకి వస్తున్నాయా అన్నదే ప్రశ్న. ప్రతి గూడెంలో నెత్తురు పరీక్ష జరగాలె. ఫలితం ఆ తల్లి చేతికి రాతపూర్వకంగా అందాలె. వానకాలం దారులు తెగకముందే గోలీలు ఆశ కార్యకర్త దగ్గర ఉండాలె.

విద్యార్థులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు అంగన్ వాడీకి పోయి లెక్క అడగండి. ఉద్యోగులారా, సకల జనుల సమ్మెలో చూపిన తెగువను ఈ ఫైలు కదిలించడంలోనూ చూపండి. జల్, జంగల్, జమీన్ అన్న కుమ్రం భీం గడ్డ మీద ఆడబిడ్డల నెత్తురు పలచబడుతుంటే తెలంగాణ వచ్చిందని సంబురపడలేం.